తొమ్మిది తర్వాత పది రాని తరాసు

మా అక్క కూతురు అయిదో తరగతిలో దశాంశాల పరీక్ష తప్పింది. పరీక్ష తప్పడం మా వంశంలో కొత్త కాదు, దానికోసం ఇల్లంతా లేచి నిలబడాల్సిన అవసరమూ లేదు. అయినా ఆ సాయంత్రం పురసవాక్కంలోని మా ఇంట్లో కూర్చున్న మనిషి ఒక్కరూ లేరు. అక్క ఆఫీసు నుంచి వచ్చి, భుజానికి బ్యాగు అలాగే ఉంచుకుని హాలుకీ వంటింటికీ మధ్య నడుస్తోంది. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పాల దగ్గర తప్ప మిగతా అన్నిచోట్లా తిరుగుతోంది. నేను షోళింగనల్లూరులో ఆఫీసు క్యాబ్ ఎక్కి, నగరం మొత్తం చుట్టి, నడుము పట్టేసి ఇంటికొచ్చి, ఏం జరిగిందో తెలియకుండానే వాళ్ళతో పాటు నడవడం మొదలుపెట్టాను. ఇల్లు చిన్నది. ముగ్గురు నడిస్తే ఒకరు గోడకి అతుక్కుని మిగతా ఇద్దరికీ దారివ్వాలి.

పరీక్ష తప్పిన మనిషి మాత్రం బాల్కనీ గ్రిల్లు పట్టుకుని బయటికి చూస్తోంది. ఏడవడం లేదు. మా పాప ఏడిస్తే ఫరవాలేదు, అన్నం పెడితే సర్దుకుంటుంది. ఏడవకపోతేనే ఆలోచించాలి.

"శుక్రవారం పోయింది మామా," అంది నన్ను చూసి.

సంగతి ఏమిటంటే, దశాంశాలు రాని పిల్లలకి వాళ్ళ స్కూల్లో విడిగా ఒక క్లాసు పెడతారట. పెట్టడం మంచిదే. కానీ ఎప్పుడు పెడతారంటే శుక్రవారం ఆటల పీరియడ్‌లో. మిగతా వాళ్ళు మైదానంలో ఖోఖో ఆడుతుంటే వీళ్ళు గదిలో కూర్చుని చుక్క పక్కన అంకెలు లెక్కపెట్టాలి, ఏడాది ముగిసేదాకా. మా పాపకి వారంలో మిగతా రోజులన్నీ శుక్రవారానికి పోయే దారి మాత్రమే. టీచరు దయతలచి వచ్చే గురువారం ఇంకో పరీక్ష పెడతానన్నదట. అందులో పాసైతే మైదానం, లేకపోతే గది. మధ్యే మార్గం లేదు.

"నువ్వు కంప్యూటర్లో పని చేస్తాండావు కదరా, దీనికి చెప్పు," అంది అక్క.

"నాది టెస్టింగ్ అక్కా. ఎవరో చేసినదాంట్లో తప్పులు వెతకడమే నా పని."

"మంచిదేలే. ఇందులో నిండా ఉండాయి," అని పరీక్ష పేపరు నా చేతిలో పెట్టింది.

నిజంగానే నిండా ఉన్నాయి. 'చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకి వరసగా రాయండి: 0.5, 0.45, 0.125' అన్నది ప్రశ్న. మా పాప జవాబు: 0.5, 0.45, 0.125. ప్రశ్నని దించేసిందనుకుని పక్కన టీచరు ఎర్ర సిరాతో 'ప్రశ్ననే కాపీ చేయకు' అని రాసింది. కింద ఒక కూడిక. రెండు పాయింట్ అయిదుకి ఒకటి పాయింట్ రెండు అయిదు కలిపితే మూడు పాయింట్ మూడు సున్నా వచ్చింది. దాని కింద ఇంకొన్ని, అన్నీ అదే తీరు. వృత్తిరీత్యా నాకు ఒక విషయం తెలుసు. తప్పు ఒకసారి వస్తే పొరపాటు. మళ్ళీ మళ్ళీ ఒకేలా వస్తే దాని వెనక ఎవరిదో ఆలోచన ఉంది.

"0.5 ఎందుకు చిన్నది?"

"అయిదు మిల్లి కదా మామా."

"మరి 0.125?"

"నూట ఇరవై అయిదు మిల్లి. అదే అన్నిటికంటే పెద్దది."

"మిల్లి ఏడనుంచి వచ్చింది? ఈ ప్రశ్నలో గ్రాములే లేవు కదా."

అది నా వైపు జాలిగా చూసింది. "చుక్క ఉండాది కదా మామా."

అప్పుడు అర్థమైంది, ఆ ఆలోచన ఎవరిదో. మా నాయనది.

మా నాయన సౌకార్‌పేటలో ఒక సన్నటి మేడ మెట్ల పైన, దానికంటే సన్నటి గదిలో బంగారం పని చేస్తాడు. ఆ గదినే ఇంట్లో అందరం పట్టరై అంటాం. పెద్ద నగలు కాదు. ముక్కుపుడకలు, చెవి కమ్మలు, తాళిబొట్లు, అన్నీ కింద పడితే వెతకడానికి చీపురు కావాల్సినంత చిన్నవి. బంగారం వచ్చినప్పుడు ఒక తూకం, కరిగించాక ఒకటి, సాగదీశాక ఒకటి, మెరుగు పెట్టాక ఒకటి. గాజు తలుపుల డబ్బాలో ఉండే ఎలక్ట్రానిక్ తరాసు అది. చుక్క తర్వాత మూడు అంకెలు చూపిస్తుంది, ఎప్పుడైనా మూడే, తక్కువ ఉండదు. ఆ ఎర్ర అంకెలు మా నాయన కళ్ళకి ఈమధ్య కలిసిపోతున్నాయి. బావ ఉద్యోగం వేరే ఊళ్ళో, అక్క ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, అంతదాకా ఇంట్లో ఉంటే పాప అమ్మని నిలవనివ్వదు. అందుకని స్కూలు వదలగానే ఆటో మా పాపని తిన్నగా తాత దగ్గర దించుతుంది. దిగిన మనిషి ఊరికే ఉంటుందా? తరాసు పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటుంది.

"ఎంత?" అంటాడు తాత.

0.340 అని ఉంటే, "మున్నూట నలభై!" అని అరుస్తుంది. 2.005 అని ఉంటే, "రెండూ అయిదు!" 2.500 అని ఉంటే, "రెండున్నర!" అరవాల్సినంత దూరం ఆ గదిలో లేదు. కానీ అరవకపోతే అది ఉద్యోగంలా అనిపించదు.

మా నాయన లెక్కలో చుక్క అంటే గోడ. గోడకి ఇవతల గ్రాములు, అవతల మిల్లీలు, రెండు వేరు కాపురాలు. అక్కడ 2.5 అనే సంఖ్య ఎవరూ రాయరు, ఎవరూ చూడరు. అలాంటిది స్కూల్లో హఠాత్తుగా ఎదురైతే మా పాప ఏం చేస్తుంది? ఇంట్లో నేర్పినట్టే చదివింది. రెండు గ్రాముల అయిదు మిల్లి. ప్రశ్నపత్రం మొత్తం దానికి తాత తరాసులా కనిపించి ఉంటుంది.

నేను బోధన మొదలుపెట్టాను. ముందు దోసె. దోసెని పది ముక్కలు చేసి, "ఇందులో ఒక ముక్క పదో వంతు, అంటే సున్నా పాయింట్ ఒకటి" అన్నాను. "దోసె మొత్తం ఎన్ని గ్రాములు?" అని అడిగింది. తెలియదన్నాను. తూకం తెలియకుండా ముక్కలు ఎలా చేశావన్నట్టు చూసి, ముక్కలు తినేసింది. తర్వాత జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తీశాను. రెండు పాయింట్ అయిదు అంటే రెండు సెంటీమీటర్ల అయిదు గీతలు. ఇది దానికి వెంటనే నచ్చింది.

"మరి రెండు పాయింట్ నాలుగు అయిదు?"

"రెండు సెంటీమీటర్ల నలభై అయిదు గీతలు."

"రెండుకీ మూడుకీ మధ్య నలభై అయిదు గీతలు ఉండాయా? చూడు."

చూసింది. "లేవు. స్కేలు మంచిది కాదు మామా, వేరేది కొను."

ఆ తర్వాత ఫోన్‌లో ఒక వీడియో పెట్టాను. బొమ్మ ఎలుగుబంటి ఒకటి పిజ్జా కోస్తూ ఇంగ్లీషులో దశాంశాలు చెప్పింది. దాని వెనకాలే తనంతట తానే ఇంకో వీడియో వచ్చింది, జిగురు ముద్దలు పిసకడం ఎలా అని. ఆ రోజు మా పాప కచ్చితంగా నేర్చుకున్నది రెండోదే.

ఇంతలో నాయన ఇంటికొచ్చాడు. విషయం విని, చొక్కా గుండీ విప్పుతూ సగంలో ఆగిపోయాడు.

"దీనికి అంకెలు చదవడం రాదంటాదా ఆ టీచరమ్మ? ఈ పిల్ల చదివిన తూకం ఈ రోజుకి ఒక్కటి తప్పు పోలేదు నా దగ్గర!"

"నీ దగ్గర పోలేదు నాయనా. అందుకే ఆడ పోయింది."

ఆయనకి ఇది అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయనా నడవడం మొదలుపెట్టాడు. ఇక ఇంట్లో దారి లేదు. నేను మేడ మీదికి పోయాను.

ఆదివారం వచ్చింది. కాగితం మీద మూడు గడులు గీసి, పదో వంతులు, నూరో వంతులు, వెయ్యో వంతులు అని పేర్లు పెట్టి మా పాపని ముందు కూర్చోబెట్టాను. కూర్చోబెట్టాననేది నా మాట. అది ఒక కాలు మంచం మీద, ఒక కాలు నేల మీద పెట్టి, పుస్తకం వైపు తప్ప అన్నివైపులా చూస్తోంది. శుక్రవారం దగ్గరపడే కొద్దీ దానికి కాళ్ళు ఒక చోట నిలవడం లేదు. అలా కదులుతూ కదులుతూ మంచం కింద ఉన్న బరువు మిషన్‌ని కాలితో లాగి దాని మీద ఎక్కింది. అక్క ఒకప్పుడు సన్నబడాలని తీర్మానించుకుని కొన్నది. తీర్మానం పోయింది, మిషన్ మిగిలింది.

28.4 అని చూపించింది.

"ఇరవై ఎనిమిది కిలో నాలుగు గ్రాము," అని చదివింది, పట్టరైలో అరిచినట్టే.

"నాలుగు గ్రాములు కాదు పాపా. నానూరు."

"నానూరుకి రెండు సున్నాలు ఉండాల కదా. ఏడ?"

"వేసే చోటు లేదు."

"అంటే మిషన్ చెప్పింది నమ్మకూడదు, నువ్వు చెప్పింది నమ్మాల. అంతేనా?"

పక్కనే దాని స్కూలు నీళ్ళ బాటిల్ నిండుగా ఉంటే అందించాను. పట్టుకుని మళ్ళీ ఎక్కింది. 28.9.

మా పాప అంకె చూసింది. బాటిల్ చూసింది. మళ్ళీ అంకె చూసింది. అయిదు గ్రాములంటే ఏమిటో దానికి బాగా తెలుసు. అరచేతిలో పెడితే ఉందో లేదో తెలియని చిన్న ఉంగరం. ఈ బాటిల్ సంగతీ తెలుసు, రోజూ మోస్తున్నది అదే కదా.

"బాటిల్ అయిదు గ్రామేనా? తాతా! ఈ తరాసు దొంగది!"

తూకంలో దొంగతనం అన్న మాట వినపడితే మా నాయన స్నానంలోంచి అయినా వస్తాడు. వచ్చాడు. మిషన్‌ని తిరగేసి అడుగు చూశాడు. "ముద్ర ఏడ? సర్కారు ముద్ర లేని తరాసు మీద నిలబడి బరువు చూసుకుంటాండారా మీరు?"

"నా బరువుకి ముద్ర దేనికి నాయనా?" అని వంటింట్లోంచి అక్క అరిచింది.

నాకు ఒక ఆలోచన తట్టింది. ఎవరికైనా తట్టేదే, కానీ దోసెలూ ఎలుగుబంట్లూ అయిపోయాక తట్టింది. చిన్న బక్కెట్ ఒకటి తెచ్చి పాప చేతికిచ్చి ఎక్కమన్నాను. 28.6. అది దిగాక కాఫీ గ్లాసుతో కొన్ని నీళ్ళు బక్కెట్‌లో పోశాను. ఆ మిషన్‌తో ఒక చిక్కు, ఒకసారి అంకె చూపించిందంటే దిగి మళ్ళీ ఎక్కితే గానీ మార్చదు. పాప దిగింది, ఎక్కింది. 28.7. ఇంకొన్ని నీళ్ళు. దిగింది, ఎక్కింది. కదల్లేదు. ఇంకొన్ని. 28.8. దానికి ఇదొక ఆటయింది. ఎక్కే ముందే ఎంత వస్తుందో చెప్పి మరీ ఎక్కుతోంది. నేలంతా నీళ్ళు. అమ్మ వచ్చి చూసి, ఇది చదువని చెబితే నమ్మకుండా, తుడిచే గుడ్డ నా మీదికి విసిరి వెళ్ళింది.

28.9.

"ఇప్పుడెంత వస్తాది?" అన్నాను, గ్లాసు వంచుతూ.

"ఇరవై ఎనిమిది పాయింట్ పది."

ఎక్కింది. 29.0.

దిగింది. ఎక్కింది. 29.0. బక్కెట్ తాత చేతికిచ్చి, నీళ్ళు ఎక్కువ పోశానేమోనని నన్ను అనుమానించి, కొన్ని తనే గ్లాసుతో తీసేసింది. 28.9. మళ్ళీ కొంచెం పోసింది. 29.0.

"పది ఏడికి పోయింది?" అంది.

నేను చెప్పలేదు. గొప్ప గురువుని కాబట్టి కాదు, అప్పటిదాకా నేను చెప్పిందేదీ పనిచేయలేదు కాబట్టి. నాయన మిషన్ వైపే చూస్తున్నాడు, పోలీసులు అనుమానితుణ్ణి చూసినట్టు.

మా పాప మిషన్ ముందు గొంతుక్కూర్చుంది. ఆ అంకెల అద్దం మీద వేలు పెట్టింది. "ఈడ చుక్క తర్వాత ఒకే సీటు మామా. పదికి రెండు సీట్లు కావాల. లేవు." వేలిని చుక్క మీదుగా ఇవతలికి జరిపింది. "అందుకని పదిమందీ కలిసి ఒక్కడై, చుక్కకి ఇవతల వచ్చి కూర్చున్నాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అయింది."

"తాత తరాసులో ఎన్ని సీట్లు?"

"మూడు."

"అయిదు మిల్లి అంటే ఆ అయిదు ఏ సీట్లో కూర్చుంటాది?"

కళ్ళు మూసుకుని ఆ ఎర్ర అంకెలు గుర్తు తెచ్చుకుంది. "చివరి సీట్లో. ముందర రెండు సున్నాలు." ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. "బస్సులో తువ్వాలు వేస్తారు కదా! అట్ట. ముందర రెండు సీట్లకీ తువ్వాలు వేసినారు, అందుకని అయిదు వెనక పోయి కూర్చున్నాది. ఉత్త 0.5 అంటే తువ్వాలు ఎవరూ వెయ్యలేదు, అయిదు తిన్నగా వచ్చి ముందర సీట్లోనే కూర్చున్నాది!"

"ముందర సీటు పెద్దదా?"

"పెద్దదే కదా మామా. డ్రైవర్ పక్కన."

కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం చెన్నైలో నాలుగు సార్లు బస్సెక్కిన ఎవరికైనా తెలుసు. అది గణితంలోకి పనికొస్తుందని నాకెవరూ చెప్పలేదు. 0.45ని అడిగాను. నాలుగు ముందు సీట్లో, అయిదు దాని వెనక. 0.125లో ముందు సీట్లో ఒకటే ఉంది, వాడు బక్క మనిషి, వెనక ఎంతమంది నిలబడితే ఏం లాభం అంది. వరస సరిగ్గా వచ్చింది. నేను చెమట తుడుచుకున్నాను. తుడిచింది నేల గుడ్డతో అని తర్వాత తెలిసింది.

అంతా అయిందనుకునేలోపు నేనే ఒక మాట జారాను. "వెనక సున్నాలు ఉన్నా లేకపోయినా ఒకటే. 2.5 అన్నా 2.500 అన్నా తేడా లేదు."

"తేడా లేదా?" అన్నాడు నాయన. అప్పటిదాకా గోడకి ఆనుకున్న మనిషి ముందుకొచ్చాడు. "2.500 అంటే కడదాకా చూసినాను, ఏమీ లేదు అని అర్థం. 2.5 అంటే చూడలేదు అని. ఒకటెట్టా అవుతాది రా?"

"లెక్కలో ఒకటే నాయనా."

"నీ లెక్కలో. గిరాకీ వచ్చి తరాసు మీద రెండు అంకెలే చూస్తే, తతిమ్మావి ఏడ దాచిపెట్టినావు అంటాడు."

"ఈడ గిరాకీ లేదు కదా నాయనా, పరీక్ష కదా!"

ఇద్దరం గొంతులు పెంచాం. పాప బక్కెట్ పట్టుకుని మధ్యలో నిలబడింది. "చుమ్మా ఉండండి ఇద్దరూ, అరవద్దు," అంది. "మిస్సు అడిగితే ఒకటే అంటాను. పట్టరైలో తాత అడిగితే వేరే అంటాను. సరేనా?"

పదేళ్ళకే ఇంత రాజకీయం వచ్చిన పిల్లకి దశాంశాలు రాకపోతే మాత్రం ఏం, అనిపించింది. పైకి అనలేదు. అక్క వింటోంది.

సోమవారం బాగానే గడిచింది. మంగళవారం పట్టరైలో పని ఎక్కువ. పెళ్ళిళ్ళ కాలం, తూకం మీద తూకం. పాప ఆ సాయంత్రమంతా అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుని ఇంటికొచ్చింది. షూ విప్పుతుంటే ఊరికే అడిగాను, "0.6 పెద్దదా, 0.58 పెద్దదా?"

"యాభై ఎనిమిది మిల్లి," అంది. నా మాట పూర్తి కాకముందే వచ్చేసింది. చెప్పాక చేత్తో నోరు మూసుకుంది.

"తెలుసు మామా. తువ్వాలు అన్నీ తెలుసు. కానీ నోటికి అదే వస్తాంది." ఈసారి దాని కళ్ళు నిండాయి. "పరీక్షలో కూడా అట్టే వచ్చేస్తే?"

మేమంతా మళ్ళీ లేచి నడవడం మొదలుపెట్టాం. తెలియనిదాన్ని నేర్పొచ్చు. తెలిసినా నాలుక వినకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. నాకే ఆఫీసు మీటింగుల్లో అప్పుడప్పుడూ ఆ ఇబ్బంది ఉంది.

"పరీక్ష అయ్యేదాకా ఇది ఆ సౌకార్‌పేట గడప తొక్కకూడదు," అంది అక్క.

"తాతకి తూకం ఎవరు చదువుతారు?" అంది పాప.

నాయన గడియారం వైపు చూశాడు, అది ఆగిపోయి నెలలైంది. "నేనే చదువుకుంటాను లే," అన్నాడు. "కళ్ళద్దాలు ఏడనో ఉండాయి."

బుధవారం నేను ఇంటి నుంచే పని. పాప స్కూలు నుంచి నేరుగా ఇంటికొచ్చి, ఏం చేయాలో తోచక, ఫ్రిజ్ తలుపు తీసి మూసి తీసి మూసి, అమ్మతో తిట్లు తిని, మళ్ళీ తీసింది. పనిలేని మనిషి ఎలా ఉంటుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. ఇంకా వెలుతురుండగానే నాయన వచ్చేశాడు. సీజన్‌లో ఆయన ఆ వేళకి ఇంట్లో ఉండడం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. వాటి ఒక కాలికి దారం కట్టి ఉంది.

"రేయ్, ఈడ రా," అని నన్ను పక్క గదిలోకి పిలిచాడు. "స్కూల్లో చుక్క తర్వాత ఎట్ట చదువుతారు? కరెక్టుగా చెప్పు."

"విడివిడిగా నాయనా. 0.340 అంటే సున్నా పాయింట్ మూడు నాలుగు సున్నా."

"మున్నూట నలభై అనరు."

"అనరు."

"సున్నా పాయింట్ మూడు నాలుగు సున్నా," అన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన దగ్గర పని నేర్చినప్పటి నుంచీ ఆయన తూకాన్ని నూర్లలోనే పలికాడు. ఇప్పుడు ఎగ్మూరు స్టేషన్లో రైలు నంబరు చెబుతున్నట్టు ఉంది. రెండోసారి అన్నాడు. మూడోసారి కాస్త గట్టిగా.

అదే ఊపులో ఒక గిరాకీకి ఫోన్ చేశాడు. ఎవరో పెద్దావిడ. "అమ్మా, మీది తయారు. సున్నా పాయింట్ మూడు అయిదు సున్నా," అన్నాడు. అవతల ఆవిడ, "ఓటీపీ ఏదీ నేను అడగలేదు, పెట్టెయ్ ఫోను," అని కట్ చేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ ముక్కుపుడక కోసం ఆవిడ వచ్చేదాకా నాయన నన్నే తిట్టాడు.

అయినా మానలేదు. హాల్లో పాపని ఎదురుగా పెట్టుకుని తూకాలు మొదలుపెట్టాడు. తరాసు లేదు, బంగారం లేదు, ఇద్దరూ గాల్లో తూస్తున్నారు. ఆయన "రెండు పాయింట్ సున్నా అయిదు" అంటే అది "సున్నా తువ్వాలు, అయిదు రెండో సీటు" అనాలి. ఆయన మరిచిపోయి "నూట..." అనబోతే పాప వేలు చూపించేది. నాలుక కరుచుకుని మళ్ళీ విడివిడిగా అనేవాడు. ఇద్దరిలో ఎవరికి పరీక్షో చూసేవాళ్ళకి తెలియదు. రెండో గంటకల్లా పాప నోట్లో మిల్లీలు రావడం తగ్గింది. తాత నోట్లో తగ్గలేదు.

గురువారం పరీక్ష అయింది. నేను ఆఫీసులో ఒక తప్పు కూడా పట్టలేకపోయాను. ఇంటికి రాగానే అడిగాను, "ఎట్ట రాసినావు?"

"రాసినాను."

"0.9కి 0.1 కలిపితే?"

"మామా, పరీక్ష అయిపోయింది. వదిలెయ్." చెప్పాల్సింది అంతే అన్నట్టు టీవీ పెట్టుకుంది. ఫలితం శుక్రవారం క్లాసులోనే చెబుతారట. ఫోన్ చేసి అడగకూడదని మిస్సు ముందే చెప్పిందట. అలా చెప్పిందంటే మా అక్కలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట.

శుక్రవారం భోజనాల తర్వాత ఆటల పీరియడ్. ఆ రోజూ ఇంటి నుంచే పని కాబట్టి నేను ల్యాప్‌టాప్ మూసి, పక్క వీధిలో స్కూలు మైదానం ప్రహరీ దగ్గరికి నడిచాను. ఊరికే గాలి కోసం అని అమ్మకి చెప్పాను. చెన్నైలో మిట్టమధ్యాహ్నం గాలి కోసం బయటికి పోయేవాణ్ణి అమ్మ నమ్మినట్టు నటించింది. ప్రహరీకి ఒకచోట ఇనుప గేటు, గేటుకి ఎదురుగా టీ కొట్టు. కొట్టు ముందు గ్లాసు పట్టుకుని మా నాయన.

"నువ్వేంది ఈడ?" అన్నాను.

"ఈడ టీ బాగుంటాదని చెప్పినారు."

"సౌకార్‌పేటలో టీ లేదా?"

"నీ ఆఫీసులో లేదా?"

ఇద్దరం పక్కపక్కన నిలబడి గేటు వైపు చూశాం. వాచ్‌మన్ వచ్చి "యారు సార్ వేణుం?" అని అడిగాడు. ఎవరు కావాలో చెబితే గేటు దగ్గర నిలబడనివ్వడు కాబట్టి టీ తాగుతున్నామన్నాం. నా చేతిలో గ్లాసు లేదు. నాయన తన గ్లాసు నాకిచ్చి ఇంకోటి చెప్పాడు.

గంట కొట్టారు. పిల్లలు గుంపుగా మైదానంలోకి పరిగెత్తుకొచ్చారు. అందులో మా పాప లేదు. ఇంకో గుంపు వచ్చింది. లేదు. ఆటల సారు ఈల ఊది వాళ్ళని వరసల్లో నిలబెట్టడం మొదలుపెట్టాడు. నాయన గ్లాసు అంచు గోటితో గీకుతున్నాడు. నా ఫోన్ మోగింది, అక్క. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. సున్నం పెట్టెతో ఇద్దరు పిల్లలు గీతలు సరిచేస్తున్నారు. పైన, మొదటి అంతస్తులో ఒక గది కిటికీలోంచి కొన్ని తలలు కనిపించాయి. ఆ గదేనేమో. ఆ తలల్లో మా పాప జడలు వెతికాను. అన్ని జడలూ ఒకేలా ఉన్నాయి.

"రాలేదు రా," అన్నాడు నాయన.

అప్పుడు మెట్ల కింద నుంచి ఒక పిల్ల నడుచుకుంటూ వచ్చింది. మధ్యలో ఆగి షూ లేసు కట్టుకుంది, ప్రపంచంలో తొందర ఎవరికీ లేనట్టు. లేచి, మా పాప నడకతో వచ్చి, వరస చివర నిలబడింది.

నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను అక్కకి 'మైదానం' అని ఒక్క మాట పంపాను.

పరిగెత్తే జట్టులో మా పాప పేరు ముందే పిలిచారు. గీతల మధ్యకి వచ్చింది, భుజాలు ఊపింది, వంగింది. సారు ఈల ఊదాడు. అది ఎడమకి ఒక అడుగు, కుడికి ఒక అడుగు వేసింది. అంతే. ఒక పొడుగు పిల్ల వచ్చి వీపు మీద చరిచింది. ఔట్.

"అయిపోయిందా?" అన్నాడు నాయన.

"అయిపోయింది నాయనా."

"దీనికోసమా నేను మున్నూరుని ముక్కలు చేసింది?"

మా పాప గీత బయటికి వచ్చి మట్టిలో చతికిలబడింది. మోకాళ్ళు దులుపుకుంది, పక్క పిల్ల చెవిలో ఏదో చెప్పింది, ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. లోపల పరిగెడుతున్న వాళ్ళకి గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు రోడ్డుకి ఇవతల మాకు స్పష్టంగా వినిపిస్తోంది. తల తిప్పినప్పుడు గేటు అవతల మమ్మల్ని చూసింది. చూసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది, వీళ్ళెవరో తనకి తెలియదన్నట్టు.

నాయన ఇంకో టీ చెప్పాడు. పీరియడ్ ఇంకా చాలా ఉంది.